పద్నాలుగు గుంతల వీధి: ఒక వానాకాలపు పని డైరీ

జూన్ 3

హైదరాబాద్ తూర్పు శివారులో, ప్రధాన రహదారి నుంచి రెండు కాలనీల్లోకి వెళ్లే ఒక వీధిని ఈ వానాకాలానికి మా బృందానికి అప్పగించారు. పొడవు 340 మీటర్లు, వెడల్పు 7 మీటర్లకు కొంచెం తక్కువ. 2019లో నగరంలోని 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల నిర్వహణకు ఏజెన్సీలకు ఇచ్చే పథకం రూపొందినప్పుడు ఇలాంటి లోపలి వీధులు అందులోకి రాలేదు. వీటి బాగోగులు వార్డు స్థాయిలో, ఫిర్యాదు వచ్చినప్పుడల్లా వెళ్లి గుంత పూడ్చి వచ్చే చిన్న బృందాల చేతుల్లో ఉంటాయి. అలాంటి ఒక బృందంలో నేను సైట్ ఇంజనీరును. గుంత పూడ్చి ఫొటో పంపితే ఆ ఫిర్యాదు ముగిసినట్టు నమోదవుతుంది. ఆ గుంత మూడు వారాల తరువాత ఎలా ఉందన్న సంగతి రాసుకునే గడి మా రిజిస్టరులో లేదు. అందుకే ఈ వీధిలో ప్రతి గుంతకూ ఒక సంఖ్య వేసి, వానలు వెనక్కు తగ్గేదాకా దాని సంగతి ఈ డైరీలో రాయాలని నిర్ణయించుకున్నాను.

ఉదయం మేస్త్రీ గారితో కలిసి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాను. మొత్తం పద్నాలుగు గుంతలు లెక్కకు వచ్చాయి. కంటికి కనిపించే గుంత వేరు, కోయవలసిన గుంత వేరు. మూడో సంఖ్య గుంత చూపుకు ఒక తట్ట వెడల్పే ఉంది గానీ, దాని చుట్టూ తారు ఎండిన చెరువు మట్టిలా చిన్న చిన్న పెంకులుగా బీటలు వారింది. ఇనుప కడ్డీతో తట్టుతూ పోతే గట్టి చోట టంగుమని, బీటలున్న చోట బోలుగా మోగుతుంది. ఆ బోలు శబ్దం ఆగిన చోటి నుంచి ఇంకో పది సెంటీమీటర్లు బయటకు జరిగి పసుపు రంగుతో దీర్ఘచతురస్రం గీశాము. అలా గీసేసరికి మూడో గుంత 90 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు అయింది. తొమ్మిదో గుంత అన్నిటికన్నా పెద్దది: రెండు మీటర్ల పైచిలుకు పొడవు, దాదాపు మీటరున్నర వెడల్పు. అందులో ఎవరో ఇటుక ముక్కలు, పగిలిన టైల్సు పోశారు. ఈ నగరంలోనే గంగాధర్ తిలక్ కట్నం గారు రైల్వేలో ఉద్యోగ విరమణ చేసిన తరువాత తన పింఛను సొమ్ముతో పదేళ్లకు పైగా గుంతలు పూడుస్తూ వచ్చారు; పౌరులు ఆ పనికి దిగవలసి రావడం మా వృత్తిలో ఉన్నవాళ్లం మనసుకు తీసుకోవలసిన విషయం. తొమ్మిదో గుంతలో ఇటుక ముక్కలు పోసినవారి మీద నాకు కోపం లేదు. అక్కడ రోజూ పిల్లల ఆటోలు తిరుగుతున్నాయి, వారు ఆగలేకపోయారు.

జూన్ 5

సరుకు సంగతి. రెండు దారులున్నాయి. ఒకటి, నగరం బయట ప్లాంటులో తారు, కంకర వేడిగా కలిపిన మాల్, అంటే హాట్ మిక్స్. రెండోది, పలచబరచిన తారుతో ముందే కలిపి సంచుల్లో నింపిన మాల్. దీనికి 2014లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 116వ సంఖ్యతో ప్రత్యేకంగా ప్రమాణాలు ప్రకటించింది. సంచి మాల్‌ను వేడి చేయనక్కరలేదు, వాన మధ్య కూడా వేయవచ్చు, ఎన్ని సంచులు కావాలంటే అన్నే విప్పవచ్చు. అయితే అందులోని కిరోసిన్ వంటి ద్రావకం ఆవిరైపోతేనే అది గట్టిపడుతుంది, వానాకాలంలో అందుకు సమయం పడుతుంది.

హాట్ మిక్స్ కష్టం వేరు. కొత్త రోడ్డు వేసేటప్పుడు టిప్పర్ వచ్చి మాల్‌ను ఒకేసారి పేవర్‌లో, అంటే దానిని రోడ్డు మీద పరిచే యంత్రంలో ఒంపుతుంది. గుంతల పనిలో అదే టిప్పర్ ఒక్కో గుంత దగ్గర ఆగుతుంది, పారలతో కొద్దికొద్దిగా దించుతాము, ఈలోగా మిగిలినది చల్లారుతూ ఉంటుంది. మూడో గుంతకు 5 సెం.మీ. మందాన కావలసిన మాల్ 63 కిలోలు, టిప్పర్‌లో వచ్చేది టన్నుల్లో. పక్క వార్డు పనితో కలిపి తెప్పించుకుంటే తప్ప ఖర్చు గిట్టుబాటు కాదు.

ఒకటి నుంచి తొమ్మిది వరకు హాట్ మిక్స్, పది నుంచి పదమూడు వరకు సంచి మాల్ అని నిర్ణయించాము. పద్నాలుగోది మ్యాన్‌హోల్ చుట్టూ పడిన గుంత. అక్కడ మూత చట్రాన్ని పైకి లేపకుండా తారు వేయడం వృథా కనుక, దానిని సంబంధిత విభాగానికి రాసి పక్కన పెట్టాను.

జూన్ 7

తెల్లవారుజామున నాలుగున్నరకే పని మొదలైంది. గీసిన గీతల మీద కట్టర్‌తో నిలువుగా కోసి, లోపలి సరుకంతా పలుగులతో లేపాము. అంచు నిలువుగా ఉండాలన్న నియమం చూపుకు అందంగా ఉండాలని పెట్టినది కాదు. అంచు పళ్లెంలా ఏటవాలుగా ఉంటే అక్కడ కొత్త పొర గోరు మందాన పలచబడుతుంది, దాని మీద చక్రం ఎక్కగానే పొరలు పొరలుగా లేచిపోతుంది. నిలువు అంచుకు కొత్త మాల్ గోడకు ఆనుకున్నట్టు ఆనుకుంటుంది, రోలర్ నొక్కినప్పుడు పక్కకు జారిపోదు.

తరువాత చీపుర్లతో ఊడ్చి, గాలి కొట్టి, దుమ్ము పోయాక ఆర్‌ఎస్-1 ఎమల్షన్, అంటే తారును నీటిలో కలిపిన ద్రవం, పూశాము. తారు పొర మీద టాక్ కోటుకు, అంటే కొత్త పొర అంటుకోవడానికి వేసే ఈ పూతకు, చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాములు చాలు. ఆ లెక్కన మూడో గుంత అడుగుకూ నాలుగు గోడలకూ కలిపి పట్టేది మహా అయితే సుమారు 200 గ్రాములు, అంటే రెండు చిన్న టీ గ్లాసుల పాటి. మా వాళ్లకు డబ్బాతో ఒంపడం అలవాటు. ఎక్కువైతే గట్టిగా అంటుకుంటుందని వారి నమ్మకం, నిజానికి ఎక్కువైన ఎమల్షన్ రెండు పొరల మధ్య నూనెలా పనిచేసి పై పొరను జారనిస్తుంది. ఈ రోజు బ్రష్షుతోనే పూయించాను. నేను పార వేయమనబోతుంటే మేస్త్రీ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "జర ఆగుండ్రి సార్. ఇంకా చాక్లెట్ రంగే ఉన్నది. నల్లగైనంక పోద్దాం, లేకుంటే కిందికెల్లి జారుతది" అన్నారు. పాలమూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి. ఎమల్షన్‌లోని నీరు విడిపోయి తారు మాత్రమే మిగిలిందని ఆ రంగు మార్పే చెబుతుంది. పావుగంట ఆగాము. గోధుమ రంగు అంచుల నుంచి నడిమికి నల్లబడుతూ వచ్చి, చివరకు గుంత అంతా ఒకే నలుపు అయింది.

ఉష్ణోగ్రతలు ఇక్కడ దాచకుండా రాస్తున్నాను. వీజీ-30 రకం తారుతో కలిపిన మాల్ పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు, రోలింగ్ 90 డిగ్రీల లోపలికి పడిపోక ముందే ముగియాలి. ప్లాంటు చీటీలో 158 ఉంది. తార్పాలిన్ తీసి కడ్డీ థర్మామీటరు గుచ్చితే మొదటి గుంత దగ్గర 149, ఐదో గుంత దగ్గర 141, ఎనిమిదో గుంత దగ్గర 126. తొమ్మిదో గుంతకు వచ్చేసరికి 117. అప్పుడు ఆపి ఉండవలసింది. అంత పెద్ద గుంతను కోసి తెరిచి ఉంచి, పిల్లలు బడికి వెళ్లే వేళకు అలా వదిలేయడం ఇష్టం లేక వేయించాను. అడుగున మట్టి కొంచెం చెమ్మగా ఉందని కూడా గమనించాను, గాలి కొట్టించి సరిపెట్టుకున్నాను. రెండూ నా నిర్ణయాలే.

జూన్ 10

పది నుంచి పదమూడు వరకు సంచి మాల్‌తో పూర్తయ్యాయి. కోత, ఊడ్పు అన్నీ అదే పద్ధతి. రెండు పొరలుగా వేసి, ప్లేట్ కంపాక్టర్‌తో నొక్కి, పైన సన్న ఇసుక చల్లాము. రెండు గంటల్లో పని ముగిసింది.

జూన్ 19

మొదటి పెద్ద వాన. గొడుగు వేసుకుని వీధిలో గంటన్నర నిలబడ్డాను. రోడ్డు పని చేసేవాళ్లం ఎండలో కొలతలు తీస్తాము, వానలో ఇంట్లో ఉంటాము. వీధి తన లోపాలను చూపించేది మాత్రం వానలోనే. నడిమి ఎత్తు అరిగిపోయి వీధి చదును కావడంతో, నీరు పక్క కాలువ వైపు వాలకుండా పొడవునా పారి ఆరు, ఏడు గుంతల మధ్య మడుగు కట్టింది. కాలువలోకి నీరు దిగే రంధ్రాలు ఐదులో మూడు, ప్లాస్టిక్ కవర్లతో, మట్టితో మూసుకుపోయి ఉన్నాయి. అక్కడికక్కడే మనుషులను పిలిచి తీయించాను. పది నిమిషాల్లో మడుగు పోయింది. ఆ పనికి పట్టిన సరుకు ఖర్చు సున్నా. అయినా మా పని అంచనా పత్రంలో దానికి పద్దు లేదు, కాలువ మరొకరిది కనుక.

జూలై 1

తొమ్మిదో గుంత మళ్లీ తెరుచుకుంది. వేసి ఇరవై నాలుగు రోజులు. నిన్న రాత్రి ఒక స్కూటర్ జారిందని, నడిపిన అబ్బాయికి మోచెయ్యి గీరుకుపోయిందని ఎదురింటివారు చెప్పారు. రోడ్డు నిర్వహణలో నిర్ణీత ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో అంగవైకల్యమో సంభవిస్తే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చని, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ చెబుతుంది. ఆ అబ్బాయి చెయ్యి విరగకపోవడం వల్ల ఆ సెక్షన్ ఇక్కడికి రాలేదు. నా బాధ్యత మాత్రం వచ్చింది.

లేచిన మాల్ పెళ్లను చేతిలోకి తీసుకుని చూశాను. పైభాగం నల్లగానే ఉంది. అడుగు వైపు తిప్పితే కంకర రాళ్లు కడిగినట్టు శుభ్రంగా, గ్రానైటుకు సహజమైన లేత గులాబీ రంగులో మెరుస్తున్నాయి. వేలితో రుద్దితే తారు అంటలేదు. మన చుట్టుపక్కల క్రషర్ల నుంచి వచ్చే కంకర చాలావరకు గ్రానైటే. గట్టిదనంలో దానికి వంక పెట్టలేము. అయితే అందులో సిలికా ఎక్కువ. సున్నపురాయితో పోలిస్తే అది తారు కన్నా నీటికే ఎక్కువ చోటిచ్చే రాయి. నీరు చాలాకాలం ఆనుకుని ఉంటే, తారుకూ రాయికీ మధ్య దూరి, పొరను రాయి నుంచి ఒలిచేస్తుంది. ఒలిచిన తరువాత అది కంకర కుప్ప మాత్రమే, చక్రాలు దానిని చిమ్మేస్తాయి.

మొదట అనుమానం నా మీదే వచ్చింది. 117 డిగ్రీల దగ్గర వేసిన మాల్ సరిగా నొక్కుకోదు, ఖాళీలు మిగులుతాయి, వాటిలోకి వాన దిగుతుంది. కానీ 126 దగ్గర వేసిన ఎనిమిదోది చెక్కు చెదరలేదు, అదే వాన దాని మీదా కురిసింది. ప్లాంటు నుంచి మాల్ వచ్చిన రోజున దాచిన ముద్దను పచ్చడి సీసాలో నీళ్లు పోసి, వెచ్చగా ఉండేటట్టు ఎండలో ఒక రోజు ఉంచాను. ఇది ప్రయోగశాలలో 40 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి చేసే పరీక్షకు సాటి రాదు గానీ ఒక సూచన ఇస్తుంది. మర్నాడు చూస్తే రాళ్ల అంచుల దగ్గర తప్ప ఎక్కడా తారు వదలలేదు. కాబట్టి తొమ్మిదో గుంత అడుగున ఉన్న నీరు ఒకటి రెండు వానల నీరు కాదు.

జూలై 9

వారం రోజులుగా రోజూ ఉదయం ఏడింటికి వెళ్లి తొమ్మిదో గుంతను చూస్తున్నాను. మూడు రోజులు చుక్క వాన లేదు. అయినా ఒక రోజు అడుగు తడిగా, మరుసటి రోజు పొడిగా, మళ్లీ తడిగా కనిపించింది. ఆరా తీస్తుంటే గేటు దగ్గర ముగ్గు వేస్తున్న పెద్దావిడ తల ఎత్తి, "నల్లా వచ్చిన రోజే ఈడ తడి ఉంటది సారూ. నల్లా రాని రోజు ఎండిపోతది. ఎన్ని దినాల సంది చెప్తున్నమో" అన్నారు.

ఈ ప్రాంతానికి మంచినీరు రోజు విడిచి రోజు వస్తుంది. ఆమె మాటతో నా వారం రోజుల రాతలను పోల్చి చూస్తే ఒక్క రోజు కూడా తప్పలేదు. రుజువు కోసం నీటి సరఫరా లైన్‌మన్ దగ్గర ఉండే క్లోరిన్ పరీక్ష పెట్టె తెప్పించాము. గుంత అడుగు నుంచి సిరంజితో తీసిన నీటిలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేయగానే అది లేత పసుపుకు తిరిగింది. వాన నీటికి ఆ రంగు రాదు. అది శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన నల్లా నీరే.

ఇన్ని రోజులు పైనుంచి వచ్చే నీటికి తలుపు వేస్తూ కూర్చున్నాము. ఆ గుంతకు నీరు కింది నుంచి వస్తోంది.

జూలై 11

నీటి సరఫరా సిబ్బంది, మా బృందం కలిసి తవ్వాము. 55 సెం.మీ. లోతున ఇంటి కనెక్షన్ పైపు ఒకటి అడ్డంగా పోతోంది, దాని జాయింటు దగ్గర సన్నని తీగలా నీరు చిమ్ముతోంది. పైపు వేసినప్పుడు తవ్విన కందకాన్ని మొరంతో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపవలసి ఉండగా, తవ్వి తీసిన మట్టినే, ఇంటి పని చెత్తతో కలిపి తోసేశారు. పిడికిట పట్టి పిసికితే వేళ్ల సందుల నుంచి బంకలా జారింది. దాని మీద ఎంత మంచి తారు వేసినా బురద మీద పలక పరిచినట్టే. ఎవరు, ఎప్పుడు తవ్వారో ఎక్కడా నమోదు లేదు.

ఈ వీధిలో నీటి ట్యాంకర్లు రోజూ తిరుగుతాయి. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగిన పెద్ద రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు ఒక లెక్క వాడుతున్నారు: ఇరుసు మీది బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారింతలవుతుంది. వంద స్కూటర్లు చేయని పని నిండు ట్యాంకర్ ఒక్కసారి వెళ్లి చేస్తుంది. కింద మట్టి మెత్తగా ఉన్నచోట ఆ పని ఇంకా తేలిక.

జాయింటు మార్చారు. మేము బంక మట్టినంతా ఎత్తిపోసి, మొరం, ఆ పైన సైజుల వారీగా కలిపిన కంకర, పదిహేను సెంటీమీటర్లకు మించని పొరలుగా నింపాము. ప్రతి పొరనూ ముందు దిమ్మిసతో మూలలు, తరువాత కంపాక్టర్‌తో నడుమ నొక్కాము. మూలలకు యంత్రం అందదు, మునిగేది ఎప్పుడూ మూలలే. పనికి అడ్డంగా వాన వచ్చింది. రెండు రోజులు ఇనుప పలకలు కప్పి, చుట్టూ బారికేడ్లు పెట్టాము. రెండు కాలనీల వారికి అది పెద్ద ఇబ్బంది. ఒక ఆటో డ్రైవర్ నిష్ఠూరంగా మాట్లాడాడు, అతని మాటల్లో తప్పు లేదు.

జూలై 14

ఈసారి టిప్పర్‌ను ముందుగా తొమ్మిదో గుంత దగ్గరకే రప్పించాము. ప్లాంటులో కంకర బరువులో 2 శాతం పొడి సున్నం కలపమని రాసి ఇచ్చాను. గ్రానైటు రాయికీ తారుకూ పట్టు పెంచేందుకు ప్రమాణాల్లో ఉన్న ఉపాయమే అది. మాల్ 152 డిగ్రీల దగ్గర దిగింది. రెండు పొరలు వేసి, అంచుల నుంచి నడిమికి రోలింగ్ చేసి, పాత తారు కన్నా నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఆపాము. చుట్టూ అతుకు గీత మీద ఎమల్షన్ పూసి ఇసుక చల్లాము. పెద్దావిడ గేటు దగ్గర నిలబడి అంతా చూశారు. నల్లా వచ్చే రోజుల్లో ఒకసారి చూసి, తడి కనిపిస్తే నాకు ఫోన్ చేయమని అడిగాను.

ఆగస్టు 6

సంచి మాల్ గుంతల తనిఖీ. పదోది, పదమూడోది బాగున్నాయి. పదకొండోది వేప చెట్టు నీడలో ఉంది, రెండు నెలలవుతున్నా బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోతోంది. బైకుల సైడ్ స్టాండ్లు దానిలో నాలుగు గుంటలు చేశాయి. నీడ, చెమ్మ వల్ల ద్రావకం ఆవిరి కాలేదు. పన్నెండోది బడి బస్సు మలుపు తిరిగే చోట ఉంది. అక్కడ చక్రం దొర్లడమే కాక మెలి తిరుగుతుంది కనుక మాల్ ఒక పక్కకు పోగై ఉబ్బింది. సంచి మాల్ చెడ్డదని దీనికి అర్థం కాదు. ఎండ తగిలే, బండ్లు నేరుగా పోయే చోట అది బాగా నిలిచింది. చోటు ఎంచుకోవడంలో పొరపాటు నాది.

సెప్టెంబరు 20

మూడు మీటర్ల మట్టపు బద్ద వేసి అన్నిటినీ కొలిచాను. ఒకటి నుంచి ఎనిమిది వరకు ఏదీ 3 మిల్లీమీటర్లకు మించి దిగలేదు. ఏడో దాని ఒక అంచున మాత్రం వెంట్రుక వాసి గీత కనిపిస్తోంది, దాని మీద ఎమల్షన్ పూయించాను. తొమ్మిదోది అరవై ఎనిమిది రోజుల్లో 4 మిల్లీమీటర్లు దిగి, పాత తారుతో సరిగ్గా సమమైంది. పెద్దావిడ నుంచి ఒక్కసారే ఫోన్ వచ్చింది, అది తడి గురించి కాదు, పక్క సందులోని మరో గుంత గురించి. పద్నాలుగో మ్యాన్‌హోల్ చట్రం ఇంకా అలాగే ఉంది. మూడోసారి లేఖ పంపాను.

మా రిజిస్టరులో రెండు కొత్త గడులు చేర్చమని పై అధికారికి రాశాను: ముప్పయ్యో రోజు కొలత, గుంత అడుగున చెమ్మ ఉన్నదా లేదా. ప్రస్తుతానికి ఈ వార్డు పుస్తకంలో చేత్తో గీతలు గీసి మొదలుపెట్టాము. మొదటి పేజీ మేస్త్రీ గారే నింపారు.

ఎల్లుండి తెల్లవారుజామున పన్నెండో గుంతను కోసి హాట్ మిక్స్ వేస్తాము. టిప్పర్ మొదట ఆగేది అక్కడే.